పది పుటలలో పౌరుల హక్కు

హైదరాబాదులో ఎస్.ఆర్. నగరుకు పొరుగున, సనత్‌నగర్ పారిశ్రామికవాడలో, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయము కలదు. రాష్ట్రములోని గ్రామములలో ఏ సిమెంటు ఫ్యాక్టరీయో, ఏ మందుల ఫ్యాక్టరీయో వెలయనున్నప్పుడు, అచ్చట ప్రజాభిప్రాయ సేకరణ జరిపించు బాధ్యత ఈ మండలిదే.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ప్రకారము, పర్యావరణ ప్రభావ నివేదికకు పది పుటలు మించని సంగ్రహమును స్థానిక భాషలోను సిద్ధపరుపవలెను. ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసము 30 దినములు ముందుగా ప్రకటన వెలువడవలెను. సభాంతమున, వ్యక్తమైన అభిప్రాయముల సారమును ప్రజల భాషలో చదివి వివరింపవలెను. ఆ ప్రకటన స్థానమున తేదలచిన కొత్త ప్రకటన ముసాయిదాను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలన్నింటిలోనికి అనువదింపుమని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న ఆదేశించుటయు, తమ భాషలో తెలిసికొను పౌరుల హక్కును గుర్తించుటయే.

అయినను తెలుగు లిపిలో నున్నంతమాత్రమున ఏ వాక్యమును తెలుగువారికి బోధపడదు. “ప్రతిపాదిత కార్యకలాపముల వలన పరిసర వాయువునందలి రేణుసాంద్రతా వృద్ధి నిర్దేశిత ప్రమాణములకు లోబడియుండును” అని వ్రాసిరనుకొందము. చదివిన రైతు, పెద్దలేదో పరీక్షించియే యుందురని ఊరకుండును. ఆ సంగతినే “మీ ఊరి గాలిలో దుమ్ము ఇప్పుడు ఘనమీటరుకు 80 మైక్రోగ్రాములు, ఫ్యాక్టరీ వచ్చిన పిదప 95 అగును, రోజు సగటుకు చట్టము విధించిన హద్దు 100” అని వ్రాసినచో, “ప్రక్కనే మరొక ఫ్యాక్టరీ వచ్చినచో మా గతి యేమి?” అని అతడే లేచి అడుగును. సుబోధమైన భాష చదువరిచేత ప్రశ్న పుట్టించును. ప్రజాభిప్రాయ సేకరణకు ప్రాణము ఆ ప్రశ్నయే.

అయితే సరళతయనగా సత్యమును కత్తిరించుట కాదు. 2015లో దేశమంతట ప్రవేశపెట్టిన వాయునాణ్యతా సూచి, ఎనిమిది కాలుష్యకారకములలో మిక్కిలి హెచ్చుగా నున్నదాని ననుసరించి ఒక అంకెను, ఆరు రంగులలో ఒకదానిని చూపి, సామాన్యునికి గాలి స్థితిని క్షణములో తెలుపుట గొప్ప మేలు. కాని 51 మొదలు 100 వరకు గల మెట్టుకు ‘సంతృప్తికరము’ అని పేరు. ఆ మెట్టులోనే సున్నితమైన ఊపిరితిత్తులు గలవారికి కొంచెము ఆయాసము కలుగవచ్చునను హెచ్చరికయు ఆ పట్టికలోనే యున్నది. హెచ్చరికను విడిచి పేరును మాత్రమే ప్రకటించినచో, ఉబ్బసముతో బాధపడు బిడ్డ తల్లికి తెలియవలసిన ముఖ్యవిషయమే తెలియకుండ పోవును.

కావున, అచ్చునకు పంపుటకు ముందు, ఆ పది పుటలను ఆ ఊరివారే నలుగురికి చదివి వినిపించి, ఏమి గ్రహించిరో వారి నోటనే చెప్పించుకొని, తడబడినచోట తిరిగి వ్రాయుట అధికారుల విధి కావలెను. తన నేల, నీరు, గాలి యెట్లు మారనున్నవో గ్రహింపనివాని సమ్మతి సమ్మతి యనిపించుకొనదు.