పరీక్షలో అడిగే ప్రశ్న, మన ఊళ్ళో కనిపించే జబ్బు

విదేశాల్లో ఎం.బి.బి.ఎస్. చదివి వచ్చిన పిల్లలు ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్.ఎం.జి.ఇ. అనే పరీక్ష పాసు కావాలి. 2002 నుంచి ఈ పద్ధతి ఉంది. ఏడాదికి రెండుసార్లు పెడతారు. ప్రశ్నలు 300, కనీసం 150 సరిగ్గా రాయాలి. రష్యా, చైనా, ఫిలిప్పీన్స్ వెళ్ళి చదివిన తెలుగు పిల్లలు చాలామంది దీనికి కూర్చుంటారు. అంత సిలబస్ మళ్ళీ చదివే వ్యవధి ఉండదు కనుక, తప్పక అడిగే ముక్కలను ఏరి నోటుబుక్కులో రాసుకుని బట్టీపడతారు. అందులో కిడ్నీల పేజీ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ పేజీ మన ఇళ్ళలోనూ తెలియవలసినదే. అయితే ఉద్దానంలో దాన్ని కాస్త జాగ్రత్తగా చదువుకోవాలి.

"దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు ముఖ్య కారణాలు ఏవి?" అని ప్రశ్న. షుగరు, బీపీ అని రాస్తే మార్కు వస్తుంది. ప్రపంచం మొత్తానికి అది నిజమే. కానీ మన కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు లెక్క వేరు. ఉద్దానం గ్రామాల్లో జరిపిన ఒక పరిశీలన 2019లో అచ్చయింది. పరీక్షించిన పెద్దల్లో వందకు సుమారు 18 మందికి కిడ్నీ జబ్బు కనిపించింది. వారిలో నాలుగింట మూడు వంతుల మందికి షుగరు లేదు, చాలాకాలంగా ఉన్న బీపీ లేదు, మూత్రంలో ప్రొటీను కూడా పెద్దగా పోవడం లేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. కారణం ఇదీ అని ఎక్కడా తేలలేదు.

ప్రొటీను ఎందుకు పోదో తెలుసుకుంటే మిగతాది అర్థమవుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే జల్లెళ్ళు ఉంటాయి. ఆ వడగట్టిన నీటిలోంచి ఒంటికి కావలసినవి తిరిగి పీల్చుకునే సన్నని గొట్టాలు ఉంటాయి. షుగరు జబ్బులో ముందు పాడయ్యేది జల్లెడ. అందుకే ప్రొటీను కారి మూత్రం నురగ కడుతుంది, కాళ్ళకు నీరు పడుతుంది. ఉద్దానం జబ్బు ఎక్కువగా ఆ గొట్టాలనూ, వాటి చుట్టూ ఉన్న కండనూ పట్టుకుంటుంది. నురగ ఉండదు, వాపు చాలా ఆలస్యంగా గానీ రాదు, మొదట్లో బీపీ కూడా మామూలుగానే ఉండవచ్చు. "నాకు సుగరు నేదు, కాళ్ళకి నీరు పట్టనేదు, నాకేటి కిడ్నీ జబ్బు బాబూ?" అని అడిగే తాతకు పరీక్ష పుస్తకం సమాధానం చెప్పదు. మూత్రపరీక్ష ఒక్కటే చేయించి "బాగానే ఉంది" అనుకుని వెళ్ళిపోవడం ఇక్కడ సరిపోదు. రక్తంలో క్రియాటినిన్ చూడాలి.

క్రియాటినిన్ దగ్గర కూడా ఒక మెలిక ఉంది, పరీక్షలోనూ ఇది ఇష్టమైన ప్రశ్నే. కిడ్నీల శక్తి దాదాపు సగం పోయేదాకా ఆ అంకె మామూలు హద్దుల్లోనే ఉండవచ్చు. రిపోర్టులో 1.2 అని ఉందనుకోండి. పాతికేళ్ళ కుర్రాడికైతే లెక్క కట్టినప్పుడు వడపోత సుమారు 86 వస్తుంది, ఫరవాలేదు. అదే 1.2 అరవై ఏళ్ళ అమ్మకు వస్తే వడపోత సుమారు 52. 60కి తక్కువగా మూడు నెలలు పైబడి ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. కాబట్టి క్రియాటినిన్ అంకెతో ఆగకుండా "ఇ.జి.ఎఫ్.ఆర్. ఎంత?" అని డాక్టరుగారిని అడగండి. పాత రిపోర్టులు పారేయకండి. ఒక్క అంకె కన్నా రెండేళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే సంగతి తెలుస్తుంది.

ఇక పొటాషియం. "రోగికి పొటాషియం బాగా పెరిగింది, ఇ.సి.జి.లో మార్పులు వచ్చాయి, ముందు ఏమి ఇస్తారు?" జవాబు కాల్షియం గ్లూకోనేట్. అది పొటాషియంను తగ్గించదు, గుండెను కాసేపు కాపాడుతుంది, అంతే. ఆ వ్యవధిలో ఇన్సులిన్, గ్లూకోజు, అవసరమైతే డయాలిసిస్. ఈ ప్రశ్న కొబ్బరి తోటల నడుమ ఉన్న మనకు మరీ దగ్గరిది. నీరసంగా ఉందని, వేడి చేసిందని పేషెంటుకు ప్రేమతో బొండాం కొట్టి ఇస్తాం. ఒక అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. గ్లాసుడు కొబ్బరినీళ్ళలో అంతకు తక్కువేమీ ఉండదు. పనసతొనలూ, జీడిపప్పూ ఆ వరసలోవే. కిడ్నీలు బాగున్నవారికి ఇవన్నీ మంచి ఆహారం. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, ముఖ్యంగా డయాలిసిస్ మీద ఉన్నవారికి, గుండె ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంది. కాళ్ళూ చేతులూ బలం లేకుండా అయిపోవడం, గుండె దడ, స్పృహ తప్పడం కనిపిస్తే మరుసటి డయాలిసిస్ రోజు దాకా ఆగకండి.

నొప్పి మాత్రల సంగతి అందరూ విన్నదే, అయినా మానడం లేదు. రోజంతా జీడితోటలో వంగి పనిచేసి, నీళ్ళు సరిగా తాగక, సాయంత్రం నడుము నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకోవడం కిడ్నీకి రెండు దెబ్బలు. నొప్పికి ఏది వేసుకోవాలో డాక్టరును అడగండి. చాలామందికి పారాసెటమాల్ సరిపోతుంది.

ఒకప్పుడు కిడ్నీ డాక్టరు కోసం విశాఖపట్నం బస్సెక్కవలసి వచ్చేది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే, డయాలిసిస్‌కు తోడు వచ్చిన రోజునే మిగిలిన పెద్దవారూ క్రియాటినిన్‌కు రక్తం ఇచ్చి వెళ్ళండి. తోడు వచ్చినవారే పరీక్ష చేయించుకోకుండా ఏళ్ళు గడిపేస్తుంటారు.