ఎలా చేయాలో రాసిపెట్టడం... అదీ ఒక ఉద్యోగమే!

మిక్సీ కొన్నా, కుక్కరు కొన్నా అట్టపెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది కదండీ. మనలో ఎంతమందిమి దాన్ని తెరిచి చదువుతాం? వారంటీ కార్డు భద్రంగా బీరువాలో దాచి, పుస్తకాన్ని పిల్లలకు పడవలు చేసుకోమని ఇచ్చేస్తాం. అది రాసిందెవరన్న ఆలోచనే రాదు. ఆ పుస్తకం రాయడానికే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. ఆ పనిని టెక్నికల్ రైటింగ్ అంటారు. డిగ్రీ పూర్తిచేసి, ఏం చేయాలో తోచక కూర్చున్న ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే ఈ సంగతి కాస్త ఓపిగ్గా చదవండి.

ఇందులో కష్టమేముంది అంటారా? ఈ రెండు వాక్యాలు చూడండి. "మూత తీయండి. తీసేముందు ఆవిరంతా పోయిందో లేదో చూసుకోండి." పుస్తకం చూస్తూ వంట చేసే కొత్తకోడలు మొదటి వాక్యం దగ్గరే కుక్కరు మీద చెయ్యి వేసేస్తుంది! రెండో వాక్యం చదివేసరికి ముఖం కాలిపోయి ఉంటుంది. అందుకే హెచ్చరిక ముందు రావాలి, పని తర్వాత రావాలి. ఈ వృత్తిలో చేరినవాళ్ళు నేర్చుకునే తొలి పాఠాల్లో ఇదొకటి. మన తెలుగులోనైతే "ఆవిరంతా పోయాకే మూత తీయండి" అని షరతు సహజంగానే ముందొస్తుంది. ఇంగ్లీషులో చాలాసార్లు పని ముందు, షరతు వెనక. దాన్ని మాటకు మాట తెలుగు చేసినప్పుడే అసలు తంటా.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది చంటిపిల్లల తల్లులు తప్పక వినాలి. విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొడిలో లీటరు నీళ్ళకు సరిపడే ప్యాకెట్లున్నాయి, 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్నవీ ఉన్నాయి. లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసు నీళ్ళలో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై బిడ్డ ప్రాణం మీదికే రావచ్చు. ప్యాకెట్ మీద "ప్యాకెట్ మొత్తం, లీటరు నీళ్ళలో, ఒకేసారి కలపండి" అన్న ఆ ఒక్క ముక్క పెద్ద అక్షరాల్లో, తల్లికి అర్థమయ్యే భాషలో ఉండాలా, అక్కర్లేదా? చదువురాని తల్లి కోసం పక్కన బొమ్మ కూడా ఉండాలంటాను నేను.

ఇది కంపెనీవాళ్ళ దయాధర్మం కూడా కాదండీ. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువును సరిగ్గా ఎలా వాడాలో తగిన సూచనలు గానీ, తప్పుగా వాడితే ఏమవుతుందో హెచ్చరిక గానీ ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే తయారీదారు నష్టపరిహారం ఇవ్వాల్సి రావచ్చు. కాబట్టి ఆ చిన్న పుస్తకాన్ని ఇకనుంచి పడవలు చేయకండి!

వాక్యాల సంగతి అలా ఉంచితే, వందల పేజీల పుస్తకాన్ని ఎలా పేరుస్తారు? దీనికి మా అమరచింత మగ్గం కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. కృష్ణ దాటితే గద్వాల. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీర మీ అందరికీ తెలిసిందే, ఆ పనితనం మా ఊరి మగ్గాల మీదా ఉంది. డిజైను మొదట గళ్ళ కాగితం మీద గీస్తారు. ఒక్కో వరుస చూసుకుంటూ ఒక్కో అట్టకు చిల్లులు కొడతారు. చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలన్నీ వరుసగా దండలా కుట్టి జాకార్డుకు తగిలిస్తారు. ఆ దండే తిరిగి తిరిగి వస్తూ అంచు పొడవునా అదే నెమలిని నేయిస్తుంది. ఒక్క అట్ట తారుమారైందా, ప్రతి నెమలికీ అదే వంకర! సరిచేయాలన్నా ఆ ఒక్క అట్టను సరిచేస్తే చాలు, అక్కణ్ణుంచి నేసేదంతా బాగుంటుంది.

పెద్ద కంపెనీల్లో పుస్తకాలు రాసే పద్ధతీ ఇలాంటిదే. పుస్తకం మొత్తం ఏకబిగిన రాయరు. చిన్న చిన్న ముక్కలుగా రాసి దండ గుచ్చుతారు. "ఇది ఏమిటి" అని చెప్పేది ఒక రకం ముక్క, "ఎలా చేయాలి" అనేది ఒక రకం, చూసుకునే పట్టిక మరో రకం. కుక్కరు విషయంలోనైతే గాస్కెట్ అంటే ఏమిటో ఒకచోట, దాన్ని కడిగి బిగించడం ఒకచోట, ఏ పప్పుకు ఎన్ని నీళ్ళో ఇంకోచోట. గాస్కెట్ కడిగే ముక్క ఒక్కసారి రాస్తే మూడు లీటర్ల కుక్కరు పుస్తకంలోకీ, అయిదు లీటర్ల దానిలోకీ అదే వెళ్తుంది. ఈ తరహా పద్ధతుల్లో పేరున్నది డిటా. ఐ.బి.ఎం. కంపెనీలో పుట్టి 2005లో అందరికీ ప్రమాణంగా వచ్చింది. చిత్రమేమిటంటే, 1890లో అమెరికా జనాభా లెక్కలు చిల్లుల అట్టలతో లెక్కపెట్టిన హోలరిత్ గారి కంపెనీయే తర్వాత మరికొన్నిటితో కలిసి ఐ.బి.ఎం. అయింది. చిల్లుల అట్టలతో ఆ కంపెనీకి ఎప్పటి చుట్టరికమో చూడండి!

ఇక ఉద్యోగాల మాట. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వైపున్న సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ పనివాళ్ళుంటారు. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదనే చోట్లున్నాయి గానీ ఇంగ్లీషు శుభ్రంగా రావాలి, ఇంజనీర్లను విసుగులేకుండా ప్రశ్నలు అడగగలగాలి. మన పాలమూరు పిల్లలకు ఇంకా దగ్గరి దారి జడ్చర్ల పక్కన పోలేపల్లి మందుల కంపెనీలు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివిన పిల్ల మందుల తయారీలో ఏ పని ఎలా చేయాలో రాసిన పత్రాలు, ప్రతి బ్యాచ్‌కూ ఎవరు ఏం చేశారో నమోదుచేసే పత్రాలు చూసుకునే పనిలో చేరవచ్చు. రాయని పని చేయనట్టే లెక్క అక్కడ.

ఈమధ్య కృత్రిమ మేధ వచ్చి చిత్తుప్రతి చిటికెలో రాసిచ్చేస్తోంది కదా అంటారేమో. నిజమే, ఇంగ్లీషు వాక్యాలు అందంగా రాస్తే చాలనుకునేవాళ్ళకు గడ్డుకాలమే. అది రాసినట్టు చేస్తే పని అవుతుందా లేదా అని వస్తువు ముందేసుకుని చూసే మనిషి మాత్రం ఇంకా కావాలి. మీ అమ్మాయి నేర్చుకోవలసింది అదీ.

సాధన మన వంటింట్లోనే మొదలుపెట్టించవచ్చు. "తగినంత ఉప్పు", "దోరగా వేయించాలి" అనే మాటలు మనకు తెలుసు, ఎన్నడూ పొయ్యి వెలిగించని పిల్లకు తెలియవు. (ఈ మాట అన్నందుకు వంటల పేజీవారు నన్ను మన్నించాలి!) పులిహోర ఎలా చేయాలో అమ్మాయిని ఒక కాగితం మీద రాయమనండి, ఒక్కో వాక్యానికి ఒక్కో పని చొప్పున. ఆ కాగితం వంట రాని తమ్ముడి చేతికిచ్చి చేయమనండి. పక్కన అమ్మాయి నిలబడాలి, నోరు మాత్రం విప్పకూడదు. మంట దగ్గర ఉంటాడు కాబట్టి మీరూ అక్కడే ఉండండి. వాడు ఎక్కడ ఆగి దిక్కులు చూశాడో కాగితం మీద అక్కడ గీత పెట్టి, ఆ ముక్క మళ్ళీ రాయించండి.