కళాశాలలో జీవరసాయన శాస్త్రము - చేనుతో దాని సంబంధము

బెట్టకు గిడసబారిన జొన్న చేనిలోనికి పశువులను తోలరాదని రైతులందరికి తెలియును. ఎందుకు తోలరాదో చెప్పునది జీవరసాయన శాస్త్రము. వ్యవసాయ కళాశాలలో చేరిన మన పిల్లలు ఈ శాస్త్రమును, దానికి తోడుగా అణుజీవశాస్త్రమును చదువుచున్నారు.

లేత జొన్న ఆకులో ధురిన్ అను పదార్థము కలదు. దానిని విడగొట్టు ఎంజైము అదే ఆకులో వేరొక చోట ఉండును. పశువు నమిలినపుడు కణములు చిట్లి, రెండును కలిసి, హైడ్రోసయనిక్ ఆమ్లము వెలువడును. కణములు ప్రాణవాయువును వాడుకొనకుండ ఈ విషము అడ్డుపడును. రక్తములో ప్రాణవాయువు నిండుగా ఉన్నను పశువు కొద్దిసేపటిలోనే చనిపోవచ్చును. ఎంజైము చేయు పని, కణము శ్వాసించు తీరు అను రెండు పాఠములు ఇందులో ఇమిడియున్నవి.

తరువాతి పాఠము జన్యువులను గురించినది. అసలు అడంగలు కచ్చేరిలోనే ఉండి నకలుతో పని జరిగినట్లే, డి.ఎన్.ఎ. కణ కేంద్రములోనే ఉండును. దాని నకలైన ఆర్.ఎన్.ఎ. బయటకు వచ్చును. ఆ నకలును బట్టి మాంసకృత్తులు తయారగును. ఎంజైములు చాలవరకు మాంసకృత్తులే.

ఈ పాఠము వలన కలిగిన మేలుకు సాంబ మసూరి వరియే సాక్ష్యము. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ రకము బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలనాలయము కలిసి, సంకరణము ద్వారా మూడు నిరోధక జన్యువులను ఇందులో చేర్చగా, మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైనది. ఒక జన్యువున్న మొక్కయు, మూడున్న మొక్కయు కంటికి ఒకే తీరుగ ఆరోగ్యముగా కనిపింపవచ్చును. అందులో రెండు జన్యువులు తల్లి నుండియు తండ్రి నుండియు వచ్చిననే గుణము చూపును. కావున ఆకు ముక్క నుండి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించి, తగిన మొక్కలను ఎన్నుకొనిరి. ఒక్క జన్యువును తెగులు కాలక్రమమున జయింపవచ్చును. మూడింటిని జయించుట కష్టము.

తెలుగులో చదివి వచ్చిన విద్యార్థులకు ఈ పాఠములలోని పేర్లు మొదట భయము గొల్పును. కొందరు వాటిని వల్లెవేసి, పరీక్ష కాగానే మరచిపోవుదురు. అట్లుగాక ప్రతి చర్యకు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను: ఏ పదార్థము మారినది? ఏమిగా మారినది? ఏ ఎంజైము మార్చినది? పటము గీసి, పుస్తకము మూసి, మరల గీయవలెను.

తల్లిదండ్రులు కూడ సహాయపడవచ్చును. సెలవులకు వచ్చిన పిల్లలను మండె కట్టిన వడ్లు ఏల తియ్యనగునని అడుగుడు. గింజలోని పిండిని ఎంజైము చక్కెరగా మార్చుటను వారు మీ మాటలలో వివరింపగలిగినచో, పాఠము వారికి వంటబట్టినట్లే.