ఏ కన్ను?

కురబలకోట చుట్టుపక్కల పల్లెల పెద్దవారిని ఏమి ఇబ్బంది అని అడిగితే “కండ్లు మసకగా ఉండాయి డాక్టరమ్మా” అంటారు. “ఏ కన్ను?” అంటే ఆలోచనలో పడతారు. ఒక్కొక్కటే మూసి చూపిస్తే గాని ఒకటి బాగుందని, రెండవదానికి చూపు ఎప్పుడో తగ్గిందని తెలియదు. వారి తప్పు కాదు. మనమందరం బహువచనంలోనే మాట్లాడతాం.

క్రొత్త నిబంధన వ్రాసిన గ్రీకులో కన్ను ‘ఒఫ్తాల్మోస్’. కంటి విభాగం తలుపు మీది ‘ఆఫ్తల్మాలజీ’ అనే నోరు తిరగని మాట దీనినుండే వచ్చింది. గ్రీకులో అది పుంలింగం. ఒకటి దాటితే ‘ఒఫ్తాల్మోయ్’, రెండైనా వందైనా అంతే. హోమరు కావ్యాల పాత గ్రీకులో సంస్కృతంలో వలె ద్వివచనం ఉండేది, రెండు కళ్ళను కలిపి ‘ఒస్సె’ అనేవారు. సువార్తల కాలానికి అది పోయింది. కంటికి ‘ఒమ్మ’ అనే మరో మాట కూడా ఉంది. మార్కు 8లో బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి చెప్పేటప్పుడు 23వ వచనంలో దాని బహువచనం ‘ఒమ్మత’, 25లో ‘ఒఫ్తాల్మోస్’ బహువచన రూపం వాడారు. మన బైబిలులో రెండు చోట్లా కన్నులే. అర్థంలో పెద్ద తేడా లేదు కనుక అనువాదకులను తప్పుపట్టలేము. మత్తయి 6:22లో మాత్రం గ్రీకులోనూ తెలుగులోనూ ఏకవచనమే. ఆసుపత్రిలో మాకు కావలసినదీ ఆ ఏకవచనమే.

ఎందుకంటే, ఒక కన్ను మందగిస్తే బాగున్నది దాని పని కూడా చేసేస్తుంది. శుక్లమైతే ఆపరేషనుతో చూపు వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. చిన్నపిల్లల్లో ఒక కన్ను మందగిస్తే ఏడెనిమిది ఏళ్ళలోపు కనిపెట్టడం మంచిది.

ఇంట్లో అద్దాలుంటే పెట్టుకొని, ఒక కంటిని అరచేతితో నొక్కకుండా మూసి గోడ క్యాలెండరు చదవండి. తర్వాత రెండవది. (పిల్లలు వేళ్ళ సందులనుండి తప్పక చూస్తారు!) తేడా ఉంటే రండి. నీటికాసుల్లో తరచు ముందు ప్రక్కచూపు పోతుంది, అది ఇలా తెలియదు. అందుకని 40 ఏళ్ళు దాటినవారు కంటి ఒత్తిడి కూడా చూపించుకోవాలి.

క్షయ చికిత్సకు పేరుపొందిన ఆరోగ్యవరం మనకు దగ్గర గనుక ఇంకొక మాట. ఇథాంబుటాల్ మాత్రల వలన అరుదుగా చూపు తగ్గవచ్చు, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియకపోవచ్చు. ఇది సాధారణంగా రెండు కళ్ళకూ వస్తుంది, ఒకదానితో ఒకటి పోల్చితే తెలియదు. మందులు మీ అంతట మీరు మానుకోకుండా అదే రోజు డాక్టరుకు చెప్పండి.