సీసా మీది... వైన్ మాది!

పాలకోసం క్యాను పట్టుకెళ్లినట్టు, ఇటలీలోని వెనిస్‌లో జనం వైన్ కోసం ఖాళీ మంచినీళ్ల సీసాలు పట్టుకెళతారు. ఈ విడి వైన్‌ని అక్కడ 'వీనో స్ఫూజో' అంటారు. కొట్లో వరసగా పెట్టిన పెద్దపెద్ద గాజు కూజాల్లోంచి గొట్టంతో సీసా నింపి, లీటరు లెక్కన డబ్బు తీసుకుంటారు. కొత్త సీసా, బిరడా, లేబుల్ ఖర్చు ఉండదు కాబట్టి చవక. కాకపోతే గాలి తగిలిన వైన్ నిలవుండదు, కొద్దిరోజుల్లోనే తాగేయాలి. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే ఇరుగుపొరుగు వాళ్లే ఈ కొట్లకు ఆధారం. చిక్కల్లా అక్కడే! 1951లో దాదాపు లక్షా 75 వేలమంది ఉన్న పాత వెనిస్‌లో 2022 నాటికి 50 వేలమంది కూడా మిగల్లేదు. పర్యటకులకు కొదవలేదు. కానీ వాళ్లలో ఖాళీ సీసాతో వచ్చేదెందరు?