చెట్టు దగ్గరైతే కల్లు.. చెట్టు దూరమైతే మందు

పంజాగుట్ట (హైదరాబాద్): ఆదివారం తెల్లవారక ముందే పంజాగుట్ట, అమీర్‌పేట సందుల్లోంచి మోటారు సైకిళ్లు బయలుదేరుతుంటాయి. కోచింగు కోసం వచ్చి గదులు అద్దెకు తీసుకున్న కుర్రాళ్లు, చిన్న కొలువుల్లో కుదురుకున్న పల్లెటూరి యువకులు ముగ్గురు నలుగురు జట్టు కట్టి వరంగల్ రోడ్డో, విజయవాడ రోడ్డో, సాగర్ రోడ్డో పడతారు. వారు పోయేది గుడికి కాదు, సినిమాకు కాదు. చెట్టు కల్లు కోసం. ఒక వారం ఒక ఊరు, మరో వారం మరో ఊరు. ఏ ఊరి తాళ్లు తీపి, ఏ ఊరి ఈతవనం మేలు అని తిరిగి వచ్చాక వారం రోజులు చర్చ.

పట్నంలో కల్లు దొరకదా అంటే దొరుకుతుంది. కాంపౌండ్లు ఉన్నాయి. సీసాలకు కొదవ లేదు. మరి యాభై, అరవై కిలోమీటర్లు పెట్రోలు పోసుకుని ఎందుకు పోతున్నారు? ఈ ప్రశ్నకు జవాబు సగం మన పల్లెల తాటివనాల్లో ఉంది. మిగతా సగం పంజాగుట్టలోనే ఉన్న నిమ్స్ ఆసుపత్రి వార్డుల్లో ఉంది.

చెట్టుకో రుచి, పూటకో రుచి

మన జిల్లా వాసులకు కొత్తగా చెప్పనక్కర లేదు గానీ, కల్లంటే అంతా ఒకటే అనుకునేవారు పట్నంలో చాలామంది ఉన్నారు. తాటి కల్లు చిక్కన. ఈత కల్లు పలచన. తాడికి గెలను గీస్తే కల్లు దిగుతుంది. ఈతకు అలా కాదు, మొవ్వ కింద మానునే చెక్కి లొట్టి కడతారు. తాళ్లలోనూ మగది పోతుతాడు, ఆడది పండుతాడు. దేని రుచి దానిదే. కోస్తాకు పోతే కొబ్బరి కల్లు పలకరిస్తుంది. మారేడుమిల్లి, పాడేరు వైపు మన్యం ఎక్కితే జీలుగు కల్లు.

చెట్టు అదే అయినా పూట మారితే రుచి మారుతుంది. మొదట కారేది తియ్యటి నీరే. అందులో మత్తు ఉండదు. లొట్టి లోపల సున్నం పూసి, దించగానే చల్లగా దాచితే అది పులియదు. దాన్నే నీరా అంటారు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మే నెలలో ప్రభుత్వం నీరా కేఫ్‌ను ప్రారంభించింది ఆ తియ్యటి నీటి కోసమే. సున్నం లేని లొట్టిలోనైతే గాలిలో ఉండే ఈస్టు, పాత లొట్టి అడుగున మిగిలిన ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తుంది. కొద్ది గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాలు తయారవుతుంది. పొద్దున దించినది తీపి, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి ఘాటు. ఇంకా ఉంచితే సిర్కా అవుతుంది. తాగడానికి పనికిరాదు.

బీరులోనూ ఇంచుమించు ఇంతే ఆల్కహాలు ఉంటుంది. అయితే బీరు తయారు చేసేవారు గింజను మొలకెత్తించి, ఉడికించి, కొలత ప్రకారం ఈస్టు వేస్తారు. కల్లుకు పొయ్యి లేదు, కొలతా లేదు. బెల్జియం దేశంలో బ్రస్సెల్స్ నగరం చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు ఉంది. దానికి విడిగా ఈస్టు వేయరు. ఉడికిన రసాన్ని వెడల్పాటి తొట్టిలో రాత్రంతా ఆరనిస్తారు. ఆ ప్రాంతపు గాలిలోని ఈస్టే దాన్ని పులియబెడుతుంది. ఆ విషయంలో అది మన కల్లుకు దూరపు చుట్టమే. బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర మాత్రం తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, కల్లు తాగినవాడిని చులకనగా చూస్తారు.

హైదరాబాద్‌లోనూ అక్కడికక్కడే బీరు తయారు చేసి పోసే మైక్రో బ్రూవరీలు వచ్చాయి. జేబు బరువున్నవారు అక్కడికి పోతారు. మిగతావారు మండువకు పోతారు. మండువలో కుర్చీలుండవు. నీడ ఉన్న చోటే కూర్చోవాలి. తాటాకు రేక పట్టుకుంటే గౌడన్న లొట్టి వంచి పోస్తాడు. పక్కన గుడాలో, వేయించిన చేపో ఉంటే అదే విందు. ఏ చెట్టుదో, ఎప్పుడు దించిందో అడిగితే అక్కడే వేలు పెట్టి చూపిస్తాడు. పట్నం కుర్రాళ్లు ఇంత దూరం వచ్చేది ఆ చూపించే వేలు కోసమేనని చెప్పవచ్చు.

చెట్టు లేని చోట

కల్లుకు నిలవ లేదు. అదే దాని గుణం, అదే దాని కష్టం. పంజాగుట్టలో అపార్టుమెంట్లు, ఫ్లైఓవరు, మెట్రో స్తంభాలు ఉన్నాయి గానీ గీసే తాళ్లు లేవు. ఒక గీత కార్మికుడు పొద్దున, సాయంత్రం ఎక్కగలిగే చెట్లు పరిమితం. ఒక్కో చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. దించింది దించినట్టు బండి ఎక్కించినా పట్నం చేరేసరికి పులుపెక్కుతుంది. అలాంటప్పుడు ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే రుచితో, ఒకే మత్తుతో అన్ని సీసాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

జవాబు తెలియనిదేమీ కాదు. నీళ్లు, తీపికి శాకరిన్, మత్తుకు మందు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు. తర్వాత డైజెపామ్ వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా పట్టుబడుతున్నది అల్ప్రాజోలం. ఇవి నిద్ర పట్టనివారికి, ఆందోళనతో బాధపడేవారికి డాక్టరు కొలిచి రాసే మందులు. తొట్టిలో కలిపేవాడికి కొలత ఉండదు. ఒక సీసాలో తక్కువ పడుతుంది, మరో సీసాలో ఎక్కువ పడుతుంది. ఎక్కువ పడిన సీసా ఎవరికి వస్తే వారి ఖర్మ. కల్లు అమ్మేవారంతా ఇలా చేస్తారని కాదు. నిజాయితీగా గీసి అమ్ముకునే సహకార సంఘాలూ ఉన్నాయి. కానీ చెట్టు ఎంత దూరమైతే అనుమానం అంత దగ్గరవుతుంది.

నాటి ప్రభుత్వం 2004లో జంటనగరాల్లో కల్లు దుకాణాలను మూసివేయించింది. గీత కార్మికుల ఉపాధి పోయిందన్న ఆవేదన పదేళ్ల పాటు వినిపించింది. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. మూసినప్పుడు జీవనోపాధి దెబ్బతింది. తెరిచాక కల్తీ తిరిగి వచ్చింది. చెట్ల లెక్కకు, సీసాల లెక్కకు పొంతన ఉందా అని చూసే పని మాత్రం సరిగా జరగలేదు.

ఒకే ఆసుపత్రికి ఇద్దరు

ఆ ఫలితం 2025 జులైలో బయటపడింది. కూకట్‌పల్లి ప్రాంతంలోని కాంపౌండ్లలో కల్లు తాగినవారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రక్తపోటు పడిపోయింది. పలువురిని పంజాగుట్టలోని నిమ్స్‌కు తరలించారు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ చేయవలసి వచ్చింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. నమూనాలను పరీక్షిస్తే అల్ప్రాజోలం బయటపడింది. బాధితుల్లో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడని కూలీలు. మోటారు సైకిలు వేసుకుని చెట్టు దాకా పోయే తీరిక, స్తోమత వారికి లేవు. పని దిగి ఇంటికి పోతూ దారిలో దొరికింది తాగారు.

ఇదే నిమ్స్ 1960లలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అంటే ఎముకల ఆసుపత్రిగా మొదలైంది. చెట్టు మీద నుంచి జారిపడి వెన్నుపూస విరిగిన గీత కార్మికుడిని పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటే జిల్లాల వారికి గుర్తుకొచ్చే పేర్లలో ఇదీ ఒకటి. మోకు తెగితే, గుజి జారితే మనిషి పడేది తాడిచెట్టంత ఎత్తు నుంచి. ప్రాణం దక్కినా నడుము కింద చచ్చుపడి మంచానికే అంకితమైనవారు గీత వృత్తి ఉన్న పల్లెల్లో కనిపిస్తారు. చెట్టు ఎక్కేవారి కోసం ప్రభుత్వం 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాల పంపిణీ ప్రారంభించింది. అవి ప్రతి గీత కార్మికుడికీ అందాలి, వాడటం నేర్పాలి.

నిజమైన కల్లు దించబోయి పడినవాడు, దొంగ కల్లు తాగి పడినవాడు ఒకే ఆసుపత్రి గేటు ముందు చేరుతున్నారు. మొదటివాడి కష్టం రెండోవాడి సీసాలో లేదు. మందు కలిపిన సీసా చౌకగా, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతున్నంత కాలం ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవాడి కల్లుకు గిట్టుబాటు ఎక్కడిది?

మానేసినా ముప్పే

మందు కల్లుకు అలవాటు పడినవారికి మరో ప్రమాదం పొంచి ఉంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్ తదితర జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ, వణుకుతూ, మూర్ఛలు వచ్చి ఆసుపత్రులకు చేరారు. ఒంటికి అలవాటైన మందు ఒక్కసారిగా ఆగిపోవడమే కారణం. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాటి పోతే వచ్చే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివారు తరచూ వస్తుంటారు.

ఇంట్లో ఎవరైనా రోజూ కాంపౌండు కల్లు తాగుతూ ఉన్నట్టుండి మానేస్తే, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పొంతన లేని మాటలు, మూర్ఛలు కనిపిస్తే గాలి సోకిందని తాయెత్తులు కట్టి కూర్చోరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏం తాగాడో, ఎన్నాళ్లుగా తాగుతున్నాడో దాచకుండా డాక్టరుకు చెప్పాలి. డాక్టరు సాయంతో అలవాటు మెల్లమెల్లగా తగ్గించుకోవచ్చు.

మరో మాట. చెట్టు కల్లయినా అది మత్తే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే బండి నడపడం నేరం. కల్లుకు మినహాయింపు లేదు. జట్టుగా వచ్చేవారిలో బండి నడిపేవారు రేక పట్టకపోవడం మంచిది.

అడగవలసింది ఒక్క మాట

అల్ప్రాజోలం అక్రమంగా అమ్మడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. పట్టుబడిన సరుకు 100 గ్రాములు దాటితే కనీసం పదేళ్ల జైలు. చట్టం గట్టిదే. సీసాలు పగలగొట్టి చేతులు దులుపుకోకుండా ఆ పొడి ఏ ఫ్యాక్టరీ నుంచి, ఎవరి చేతుల మీదుగా వస్తున్నదో మూలం దాకా పోవాలని, దుకాణానికి ఎన్ని చెట్ల నుంచి కల్లు వస్తున్నదో బోర్డు మీద రాయించాలని గీత కార్మికులు కోరితే అందులో తప్పు లేదు. చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద ఈత, తాటి మొక్కలు నాటితే గీతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఆ పని ఈ వానాకాలమే మొదలుపెట్టాలి.

తాగేవారి చేతిలోనూ ఒక పరీక్ష ఉంది. కల్లును చూసి, వాసన పట్టి కల్తీ కనిపెట్టడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. అయితే ఇది ఏ చెట్టుది, ఎప్పుడు దించారు అని అడగడానికి చదువు అక్కర లేదు, డబ్బు అక్కర లేదు. మన ఊళ్లో గౌడన్న ఆ చెట్టును చూపించగలడు. చూపించలేని చోట ఆ సీసా ముట్టకపోవడమే మేలు.