పక్కవాళ్ళు పెట్టిన పేర్లు

ప్రాచీన చైనావాళ్ళు తమది లోకం నడిమి రాజ్యం అనుకునేవారు. చుట్టూ ఉన్న జనాన్ని దిక్కుల చొప్పున పంచి పేర్లు పెట్టారు. తూర్పున యీ, దక్షిణాన మాన్, పడమట రోంగ్, ఉత్తరాన దీ. 'మాన్' అని రాసే అక్షరంలో కింద పురుగు గుర్తు ఉంటుంది. 'దీ' పక్కన కుక్క గుర్తు. ఆ జనం పేరు రాసినప్పుడల్లా చెయ్యి పురుగునో కుక్కనో కూడా గీయాల్సిందే.

'లీజి' అనే ఆచార గ్రంథం తిండీ బట్టా చూసి వాళ్ళను విడదీసింది. యీలు జుట్టు విరబోసుకుని ఒంటికి పచ్చబొట్లు పొడిపించుకుంటారట. రోంగ్‌లు తోళ్ళు కట్టుకుంటారట, వాళ్ళలో ధాన్యం ముట్టనివాళ్ళూ ఉన్నారట.

తర్వాతి కాలంలో ఇంకో కొలత వచ్చింది: పచ్చివాళ్ళు, ఉడికినవాళ్ళు. తైవాన్‌లో పన్ను కట్టి అధికారి మాట వినే తెగలు ఉడికినవి, లొంగనివి పచ్చివి.

ఈ కొలత మన విశాఖ మన్యానికీ కొత్త కాదు. 'పోర్జ' అనే తెగ పేరు ఒడియా 'పరజా' నుంచి, అంటే మన 'ప్రజ' నుంచే వచ్చిందంటారు. రాజుకు లోబడినవాళ్ళని అర్థం. వాళ్ళ భాషేమిటో, తమను తాము ఏమని పిలుచుకుంటారో ఆ పేరులో ఎక్కడా లేదు.

గదబల సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. వాళ్ళలో గుతోబ్ మాట్లాడేవాళ్ళున్నారు. అది సంతాలీకి చుట్టమైన ముండా భాష. ఒల్లారి మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. అది ద్రావిడ భాష, తెలుగుకు దాయాది. ఇంత దూరపు రెండు భాషలవాళ్ళకూ బయటివాళ్ళు పెట్టిన పేరు ఒక్కటే: గదబ.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో పాడేరు బస్సు దగ్గర నిలబడితే "ఏజెన్సీకేనండీ?" అని అడుగుతారు. ఆ మాట వెనక 1839 నాటి చట్టం ఉంది. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నరుకు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికిచ్చారు. దొరగారి ఉద్యోగం పేరు కొండలకు పడింది, కొండల మీది మనుషులు 'ఏజెన్సీవాళ్ళు' అయ్యారు.

మనకూ పక్కవాళ్ళు పేర్లు పెట్టారు. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడి శాపం తగిలి అంచులకు పోయినవాళ్ళ జాబితా ఉంది. అందులో ఆంధ్రులూ శబరులూ ఒకే వరసలో ఉన్నారు. పాత తమిళ కవులకు మనం వడుగరులం, ఉత్తరాదివాళ్ళం. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయన్ త్సాంగ్ ఆంధ్రుల భాష మధ్యదేశపు భాషకు వేరనీ, లిపి మాత్రం దాదాపు అదేననీ రాసుకున్నాడు. జనం కాస్త ఆవేశపరులనీ అన్నాడు.

సముద్రం దాటిన మనవాళ్ళనూ పేర్లు వదల్లేదు. బర్మాలో తెలుగు కూలీలు 'కొరంగీలు'. గోదావరి నోటి దగ్గరి కోరంగి రేవే వాళ్ళ ఇంటిపేరయింది. మలయాలో కళింగం నుంచి పుట్టిన 'క్లింగ్' ఇప్పుడు తిట్టుగా మారింది. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు విశాఖలో స్థిరపడితే ఆ పేట 'బర్మా క్యాంపు' అయింది. అక్కడ కోరంగివాళ్ళు, ఇక్కడ బర్మావాళ్ళు!

పేర్లు మారడమూ ఉంది. చైనాలో జువాంగ్ జాతి పేరును ఒకప్పుడు కుక్క గుర్తుతో రాసేవారు. ముందు దాన్ని తీసి మనిషి గుర్తు పెట్టారు, 1965లో 'బలమైన' అనే అర్థమున్న అక్షరమే ఇచ్చారు. మన దేశంలో గుతోబ్ గదబ, కొండ సవర లాంటి తెగల వర్గానికి ఉన్న 'ఆదిమ' అనే ముద్ర 2006 దాకా చెరగలేదు.

శబరులే నేటి సవరలంటారు. తమ భాషలో వాళ్ళు 'సోర'లు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి వాళ్ళ దగ్గరే ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. వ్యాకరణం 1931లో అచ్చయింది. దాని పేరులో సోర అనే ముందుంది, సవర ఆ పక్కన బ్రాకెట్లో ఉంది.